రెండో నంబరు ఫిల్ము

పైనుంచి కిందికి

సగంలో ఆగిన ఫైలు ఎలా ఉంటుందో ఇప్పుడు ఎక్స్‌రే పనిలో చేరుతున్న మీలో చాలామంది చూసి ఉండరు. మీరు నొక్కగానే బొమ్మ తెర మీదికి వచ్చేస్తుంది. నేను కర్నూలులో పని చేసిన రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బొమ్మ వచ్చేది కాదు, దిగేది. టెలిఫోను తీగ మీద, గీత తర్వాత గీతగా, పైనుంచి కిందికి. ముందు భుజాలు. తర్వాత మెడ ఎముకలు. ఆ తర్వాత ఒక్కొక్క పక్కటెముక. ఒక మనిషి ఛాతీ పూర్తిగా దిగడానికి అరగంట పైనే పట్టేది. మధ్యలో లైను తెగిందంటే, ఎంతవరకు దిగిందో అంతవరకే మనిషి. దాని కింద అంతా బూడిద రంగు.

ఆ బూడిద రంగును చూస్తే నాకు మొదట్లో భయం వేసేది. వేళ్లు లేని చేతులు, మోకాళ్ల దగ్గర ఆగిపోయిన కాళ్లు, కళ్ల గుంటల వరకే ఉన్న పుర్రెలు. లైను తెగడం వల్ల ఇలా అయిందని తెలిసినా సరే, చూసిన కన్ను వెంటనే ఒప్పుకోదు.

ఒకసారి ఒక పెద్దామె వచ్చింది. కొడుక్కి అక్కడెక్కడో నల్లమల అంచున ఛాతీ ఫిల్ము తీశారు, ఆమె కర్నూలులో కూతురి దగ్గర ఉంది. బొమ్మ ఇక్కడికి వస్తుందని విని చూస్తానంది. నా కుర్చీ వెనక నిలబడింది. కొడుకు భుజాలు దిగాయి. గొంతు దిగింది. అక్కడ లైను తెగింది. ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆగిపాయనేమ్మా? ఊపిరాగిపాయనా?"

"లేదమ్మా, ఫోను లైను పోయింది, అంతే" అన్నాను.

ఆమె నమ్మలేదు. నేను బయటికి తీసుకుపోయి, రోడ్డు మీది టెలిఫోను బూతులో కొడుకు గొంతు వినిపించేదాకా ఆమె కూర్చోలేదు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి దిగుతున్న బొమ్మను రోగి తాలూకు మనుషులకు చూపించడం మానేశాను. మీరూ చూపించకండి. పూర్తయిన తర్వాత చూపించండి.

అయితే నేను చెప్పదలచుకున్నది సగంలో ఆగిన బొమ్మ గురించి కాదు. సగంలో ఆగిందని ఎవరైనా గుర్తు పడతారు. పూర్తయినట్టు కనబడిన ఒక బొమ్మ గురించి చెబుతాను. అందులో తప్పు నాది కూడా.

డాక్టరు గారు, మస్తాన్

నేను పని చేసిన చిన్న ఆస్పత్రిలో ఎక్స్‌రే చదివే డాక్టరు ఒక్కరే. పురుషోత్తం గారని పిలుస్తాను. అహోబిలం వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న టౌనులో మా ఆస్పత్రి వాళ్లే ఒక ఎక్స్‌రే కేంద్రం పెట్టారు. అక్కడ ఫిల్ము తీసే మనిషి ఉన్నాడు కానీ చదివే డాక్టరు లేడు. అందుకని అక్కడ తీసిన ఫిల్మును స్కానరు మీద పెట్టి, ఫైలుగా మార్చి, ఇంటర్నెట్టులో ఒక చోట పెట్టేవాళ్లు. నేను కర్నూలులో దాన్ని దించుకునేదాన్ని. డాక్టరు గారు చూసి చెప్పిన మాటను నేను ఫోనులో అక్కడికి చెప్పేదాన్ని. ఇదంతా అప్పట్లో శానా గొప్ప.

అక్కడి మనిషి మస్తాన్. ముప్పై ఏళ్లవాడు. నన్ను అక్కా అనేవాడు. అతనంత శుభ్రమైన పనివాణ్ని నేను మళ్లీ చూడలేదు. ఎవరు వచ్చినా స్టాండు ముందు గీసిన గీత మీద పాదాలు పెట్టించి, గడ్డం ఒకే ఎత్తులో ఆనించి, భుజాలు ముందుకు తోయించి, అప్పుడు తీసేవాడు. అతను పంపిన పది ఛాతీలు ఒకదాని మీద ఒకటి పెడితే వెన్నెముకలన్నీ ఒకే దారిలో ఉండేవి. ఫైళ్ల సైజు కూడా ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండేది, ఎందుకంటే స్కానరును ఒకే కొలతకు బిగించి ఉంచాడు. చివరికి మమ్మల్ని మోసం చేసింది అతని నిర్లక్ష్యం కాదు, అతని శ్రద్ధే.

పురుషోత్తం గారు దొడ్డ చదువరి. ఫిల్ము చేతిలోకి తీసుకుంటే నాకు లెక్క పెట్టడానికి కూడా చేతకాని నీడలను ఆయన పేర్లు పెట్టి పిలిచేవారు. కానీ ఇంకొకరి కన్ను మీద ఆయనకు నమ్మకం లేదు. ఒకసారి నేను నోరు ఊరుకోక, "సార్, ఈ మూల ఒక మచ్చ ఉన్నట్టుంది" అన్నాను. బయట రోగులు కూర్చుని ఉన్నారు. అందరూ వినేలా అన్నారు.

"కరుణా, దించడం నీ పని. చూడడం నా పని. రెండూ కలపొద్దు."

నేను మాదిగపేట చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన పిల్లను. నాన్న కూలి పని చేసి నన్ను ఈ కోర్సు చదివించాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి చూసినా చూడనట్టే ఉండడం నేర్చుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు చెబుతున్నాను, పెద్దవాళ్లు తిట్టినందుకు మనం నేర్చుకునే పాఠాల్లో సగం తప్పు పాఠాలే.

ఎండాకాలం, ఒక సోమవారం

టౌనులో పొద్దుటి నుంచి కరెంటు లేదు. సాయంత్రం నాలుగున్నరకు మస్తాన్ ఫోను చేశాడు.

"అక్కా, కరెంటు ఇప్పుడే వచ్చె. రెండో నంబరు పంపిస్తాండా. గొర్లాయన. పేరు ఓబులేసు. పొద్దున్నుంచి ఈడనే కూచోనుండాడు."

"ఏమైందంట?"

"దగ్గు. కుడి పక్క బరువుగా ఉండాదంటాడు. గొర్ల మందేమో ఓర్వకల్లు పక్క మేస్తాండాదంట, తమ్ముని మీద వదిలిపెట్టి వచ్చినాడు. ఊర్లో పని చూసుకొని పోయేటప్పుడు చూపించుకుందామని వచ్చినాడంట. రేపు బస్సుకు పోవల్ల అంటాడు."

నేను దించడం మొదలుపెట్టాను. భుజాలు, మెడ ఎముకలు, పై పక్కటెముకలు వచ్చాయి. ఎండలో తిరిగే మనిషి, వెడల్పాటి ఎముకలు. సగానికి కొంచెం పైన లైను తెగింది. ఆ వారం మా వీధిలో రోడ్డు తవ్వుతున్నారు, టెలిఫోను మళ్లీ పలకలేదు. బూడిద రంగును అలాగే వదిలి తాళం వేసుకుని వచ్చేశాను.

మా కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది. ఆగిపోయిన ఫైలును మొదటినుంచి కాకుండా ఆగిన చోటినుంచే మళ్లీ దించేది. 'రెజ్యూమ్' అని ఒక మీట. అది దొరికిన రోజు నేను పండగ చేసుకున్నాను. మంగళవారం పదకొండు గంటలకు లైను వచ్చింది. ఆ మీట నొక్కాను. బూడిద రంగు పైఅంచు నుంచి మళ్లీ పక్కటెముకలు దిగడం మొదలైంది. పదిహేను నిమిషాల్లో 'పూర్తయింది' అని వచ్చింది.

నేను మర్చిపోయినది ఒక్కటే. మస్తాన్ ఫైళ్లకు పేర్లు పెట్టడు, నంబర్లు పెడతాడు. ప్రతి ఉదయం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆ రోజు రెండో నంబరు పెట్టగానే నిన్నటి రెండో నంబరు చెరిగిపోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. సంవత్సరం నుంచి తెలుసు. ఆ క్షణంలో తట్టలేదు, అంతే. ప్రోగ్రాంకు కావలసింది ఆ పేరుతో ఒక ఫైలు, అంతే సైజు. రెండూ దొరికాయి. మనిషి ఎవరో దానికి అక్కరలేదు.

డాక్టరు గారు వచ్చి కూర్చున్నారు. బొమ్మ నిండుగా ఉంది. వెన్నెముక తిన్నగా ఉంది. గుండె నీడ ఉంది. కింది భాగంలో, మధ్యకు కొంచెం ఎడమగా, రెండు చిన్న బిళ్లల నీడ తెల్లగా పడింది.

"ఏమిది, తాయెత్తా?" అన్నారాయన.

బిళ్లలకు పైన దారమో గొలుసో కొంచెం కనబడుతోంది. అంగుళం పైకి వెళ్లి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. దానికి పైన ఏమీ లేదు. ఆ బిళ్లలు దేనికీ వేలాడకుండా ఆ మనిషి ఎద మీద ఉన్నాయి.

"సార్, ఆ దారం..." అన్నాను.

"ఊపిరితిత్తులు బాగున్నాయి. దగ్గుకు మందు ఇచ్చి పంపమను." ఆయన అప్పటికే సంతకం పెట్టేశారు.

నేను ఫోను చేసి మస్తాన్‌కు చెప్పాను. "బాగుండాదంట, పొమ్మను."

తాళిబిళ్లలు

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆ రోజు ఫైళ్లు వేరే ఫోల్డరులోకి దించుతున్నాను. ఒకటి అయిపోయింది. రెండోది మొదలైంది. ఎవరో ఆడమనిషి. సన్నని భుజాలు. మెడ చుట్టూ గొలుసు నీడ. తాళి తీయనని ఉంటుంది, అలాంటి వాళ్లు చాలామంది. గొలుసు రెండు పాయలుగా కిందికి దిగుతోంది. నేను టీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాను.

గొలుసు చివర రెండు బిళ్లలు దిగాయి. ఒక బిళ్ల అంచు కొంచెం వంగి ఉంది.

టీ గ్లాసు కింద పెట్టాను. ఈ బిళ్లలను నేను పొద్దున చూశాను. ఈ వంపుతోనే. ఒక మగవాడి ఎదలో.

ఫ్యాను తిరుగుతోంది, బయట రోడ్డు తవ్వేవాళ్ల గడ్డపారల చప్పుడు వినబడుతోంది, పట్టపగలు. అయినా తలుపు తెరిచి వరండాలోకి వెళ్లి ఒక నిమిషం మనుషుల మధ్య నిలబడి వచ్చాను. వచ్చాక రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టాను. పైసగాలు వేరు. ఒక గీత నుంచి కిందికి, రెండూ ఒకటే. అదే గుండె అంచు, అదే పక్కటెముక, కడుపులో అదే గాలి బుడగ. ఆడవాళ్ల ఫిల్ములో రొమ్ముల నీడ కింద పడుతుంది. ఈమె బక్కపలచని మనిషి కావడంతో ఆ నీడ ఉందో లేదో అన్నట్టుంది. పొద్దున డాక్టరు గారు దాన్ని చూడలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు కనబడుతోంది. ఒక మగవాడి భుజాల కింద ఒక ఆడమనిషి గుండె, మధ్యలో చీలిక కూడా లేకుండా.

మస్తాన్‌కు ఫోను చేశాను.

"మస్తాన్, నిన్న రెండో నంబరు ఆయన మెడలో ఏమన్నా ఉండిందా?"

"ఏమీ లేదక్కా. తువ్వాలు గూడా తీపించినా."

"ఈరోజు రెండో నంబరు ఎవరు?"

"సుబ్బలక్ష్మమ్మని, బజార్లో కిరాణా అంగడాయన భార్య. తాళి తీయమంటే కొట్టినంత పని చేసె. ఏమయ్యిందక్కా?"

"ఓబులేసు ఫిల్ము నీ దగ్గరే ఉండాది గదా? తీసి వెలుతురుకు పెట్టి చూడు. కింది భాగం చూడు."

ఫోనులో ఫిల్ము కవరు చప్పుడు వినిపించింది.

"అక్కా, కుడి పక్క కింద గుండ్రంగా ఒకటుండాది. తెల్లగా. చెంబు మూతంత. నిన్న కరెంటు మళ్లా పోతాదేమోనని తొందరలో ఉంటి, సరిగ్గా చూల్లేదక్కా. ఆయన మధ్యాహ్నం బస్సెక్కె. నువ్వు ఫోను చేసినంక నేనే చెప్పి పంపిస్తి, బాగుండాదని."

మళ్లీ స్కాను చేసి పంపించాడు. డాక్టరు గారిని పిలిచాను. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. ఇద్దరం చూస్తూ ఉన్నాం. పొద్దున చూసిన భుజాలే మళ్లీ దిగాయి. పొద్దున చూసిన పక్కటెముకలే దిగాయి. పొద్దున ఎక్కడ అతికిందో ఆ చోటు వచ్చింది, దాటింది. అక్కడి నుంచి మేము ఎన్నడూ చూడని మనిషి. కుడివైపున ఒక తెల్లని అంచు మొదలై, గీత గీతకూ వెడల్పై, చంద్రుడిలా నిండుతూ వచ్చింది.

"నీటితిత్తి" అన్నారు డాక్టరు గారు, చాలా మెల్లగా.

గొర్రెలు, కుక్కలతో బతికేవాళ్లకు వచ్చే జబ్బు అది. కుక్క కడుపులోని పురుగు గుడ్డు మనిషి లోపలికి పోయి, ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో నీళ్ల సంచిగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు. పగిలితే ప్రాణం మీదికి రావచ్చు. మా జిల్లాలో కొత్త జబ్బు కాదు, డాక్టరు గారు కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగినది.

ఆయన మేనేజరు దగ్గరికి వెళ్లి వచ్చారు. రేపు ఉత్తరం రాస్తామన్నారట. గొర్రెల మందకు ఏ అడ్రసుకు రాస్తారో నాకు అర్థం కాలేదు. నేను సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టాను. డాక్టరు గారు దాన్ని చదివి, "మనిషి పరుగెత్తకూడదు, బరువు ఎత్తకూడదు. ఎవరైనా సూది పెట్టి నీళ్లు తీస్తామంటే తీయనియ్యద్దు. నేరుగా పెద్దాసుపత్రికి" అన్నారు. వస్తానని మాత్రం అనలేదు.

ఓర్వకల్లు రాళ్లలో

బుధవారం నేను కర్నూలు నుంచి, మస్తాన్ నంద్యాల వైపు నుంచి వచ్చి ఓర్వకల్లులో బస్సు దిగాం. ఓబులేసు మొహం తెలిసినవాడు మస్తాన్ ఒక్కడే. ఫిల్మును చంకలో పెట్టుకున్నాడు. టీ అంగడి దగ్గర అడిగితే, రాళ్ల గుట్టల వెనక ఒక మంద దిగిందన్నారు.

పది దాటేసరికే ఎండ మండుతోంది. మనిషికి రెండింతల ఎత్తున్న బండలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు ఉంటాయి అక్కడ. మధ్యలో సందులు. ఒక సందులోకి వెళితే రోడ్డు చప్పుడు తెగిపోతుంది. మస్తాన్ "ఓబులేసన్నా" అని అరిస్తే రాళ్లు కొంచెం ఆలస్యంగా "అన్నా" అని తిరిగి ఇచ్చేవి. గాలికి అతని చంకలోని ఫిల్ము వంగి పలుకుతోంది. ఒక మనిషి ఎముకలను మోసుకుంటూ ఆ మనిషినే పిలుస్తూ తిరుగుతున్నామని నాకు తట్టి, ఆ ఊహను తోసేశాను.

మంద కనిపించింది. వందకు పైగా గొర్రెలు ఒక పెద్ద బండ నీడలో నిలబడి ఉన్నాయి. ఎండకు ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి, తలలే లేనట్టు, చప్పుడు లేకుండా. వాటి వెనక రాతికి ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వెడల్పాటి భుజాలు. మొహం చూడకముందే నేను ఆ భుజాలను గుర్తుపట్టాను. పక్కన ఒక కుక్క పడుకుని అతని చెయ్యి నాకుతోంది. తమ్ముడు చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవురు? ఎక్స్‌రే ఆయప్పనా?" అన్నాడు ఓబులేసు. గొంతులో బుడబుడమని చప్పుడు.

"ఏమయ్యిందన్నా?" మస్తాన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తెల్లవారి గొర్రెపిల్లను భుజానికెత్తుకున్నా. దగ్గొచ్చె. ఒకటే తూరి గొంతులోకి నీళ్లు ఎగదన్నినాయప్పా. ఉప్పునీళ్లు. చెంబెడు పైనే కక్కినా. దాంట్లో ద్రాచ్చపండ్ల తొక్కల మాదిరి ఏందో వచ్చినాయి." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అప్పుటి నుంచి నేను ఊపిరి తీస్తే లోపల ఇంకెవురో తీసినట్టు వినపడతాండాది. ఇంటాండావా?"

నేను విన్నాను. అతను ఊపిరి తీసి ఆపిన తర్వాత కూడా లోపల ఏదో కొంచెంసేపు కదిలింది. సంచి ఊపిరి గొట్టంలోకి పగిలింది, ఖాళీ అయిన చోట గాలీ నీరూ ఆడుతున్నాయి. కారణం తెలుసు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను.

అతను నా వైపు చూశాడు. "ఈయమ్మ ఎవురు?"

"కర్నూల్లో నీ ఫిల్ము దించిన ఆమె నేనే" అన్నాను.

"బాగుండాదని చెప్పినారు గదమ్మా?"

కోపంగా అనలేదు. నిజంగా అడిగాడు. తప్పు జరిగిందన్నా, కింద కనబడింది నీది కాదు, ఇంకొకరిది అన్నాను. అతను తన ఎద మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. నా మాట అతనికి అర్థమయ్యే మాట కాదు, ఆ సమయంలో చెప్పాల్సిన మాట కూడా కాదు.

తమ్ముడూ మస్తానూ చెరో పక్కా పట్టుకుని నడిపించారు. రోడ్డు మీద నాపరాళ్ల లారీ ఒకటి ఆగింది. అతన్ని ముందు సీట్లో తిన్నగా కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. కుక్క లారీ వెంట చాలా దూరం పరుగెత్తింది. కర్నూలు చేరేదాకా నేను అతని ఊపిరి వింటూనే ఉన్నాను, ఒకటీ, దాని వెనకాలే రెండోదీ.

పెద్దాసుపత్రిలో తీసుకున్నారు. ఒంటినిండా దద్దుర్లు లేచాయి, రెండు రోజులు కష్టమన్నారు. తర్వాత ఆపరేషను చేసి ఊపిరితిత్తిలో ఒక ముక్క తీసేశారు. బతికాడు. మళ్లీ మంద వెంట నడవలేదు. ఊళ్లోనే ఉండి తమ్ముడి పిల్లలను చూసుకున్నాడు. రిపోర్టు మొదటిరోజే సరిగ్గా వచ్చి ఉంటే సంచి పగలకముందే తీసి ఉండేవాళ్లా, అతను గొర్రెపిల్లను ఎత్తుకోకుండా ఉండేవాడా, నేను చెప్పలేను. చెప్పలేననే మాటతోనే ఇన్నేళ్లూ ఉన్నాను.

తీసేయమన్నవాళ్లు

మనిషి బతికాడని తెలిసిన రోజు డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"కరుణా, ఆ అతుకుల బొమ్మ ఇంక ఎందుకు? తీసేయ్."

"మస్తాన్ ఫిల్ములు తారుమారు చేసినాడని మేనేజరు రాస్తా ఉన్నాడు సార్. ఆ బొమ్మ పోతే అతని ఉద్యోగం పోతుంది."

ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను బొమ్మను ప్రింటు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాను. గీత ఎక్కడో స్కేలు పెట్టి చూపించాను. ముందు రోజు సగంలో ఆగిన ఫైలును మరుసటి రోజు కొనసాగించింది నేనని, తాళిగొలుసు తెగి ఉండటం చూసి కూడా ఊరుకుంది నేనని చెప్పాను. అప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డ డాక్టరు గారు అన్నారు: "దాని కింద సంతకం నాది. చూసి పెట్టిందే."

అంతకు మించి ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. నాకు మెమో వచ్చింది. మస్తాన్ ఉద్యోగం మిగిలింది. కానీ మరుసటి రోజు నుంచి డాక్టరు గారు తెర ముందు తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించారు. ఫిల్ము చదివేముందు "నీకేం కనపడతాంది?" అని అడిగేవారు. ఆయనను గొప్ప డాక్టరని నేను అనేది ఆయన కంటిని చూసి కాదు, ఆ కుర్చీని చూసి.

ఆ తర్వాత మేము చేసిన మార్పులు చాలా చిన్నవి. ఫైలు పేరులో మనిషి పేరూ, తేదీ. నిన్నటి సగం ఫైలు ఎంత దిగి ఉన్నా పారేసి మొదటినుంచి దించడం. దిగాక అక్కడి మనిషికి ఫోను చేసి, బొమ్మ అడుగున ఏమి ఉందో అడిగి సరిచూసుకోవడం. ఇవన్నీ చేసినా కంప్యూటరు 'పూర్తయింది' అని చెప్పే మాటను నేను మళ్లీ నమ్మలేదు. సైజు నిండిందని మాత్రమే అది చెబుతుంది.

నెల తర్వాత ఒక ఉదయం సుబ్బలక్ష్మమ్మ మా గదికి వచ్చింది. బక్కపలచని మనిషి, యాభై దాటాయి. భర్త బయట బెంచీ మీద కూర్చున్నాడు. టౌను చిన్నది, మస్తాన్ ఆ తర్వాత ఆమెను తాళి గురించి అడగడంతో మాట పాకిపోయింది.

"నా తాళి ఎవురో మగోని ఎదలో పడిందంట గదా?" అంది కూర్చోకుండానే.

"ఫైలులో కలిసిందమ్మా. మీకేమీ కాలేదు. మీ ఫిల్ము శుభ్రంగా ఉంది."

"నాకు కాలేదు. ఆ మాట ఇన్నప్పటి నుంచి మా ఆయనకు నిద్ర లేదు. అన్నం సయించదు. ఇంట్లో ఎవురో ఇంకొకరు తిరుగుతాండారంటాడు. నువ్వు ఆ బొమ్మ తీసేయ్ తల్లీ. నీకు దండం పెడతా."

విచారణ అయిపోయింది. బొమ్మ అవసరం ఇంక ఎవరికీ లేదు. "సరేనమ్మా, మీ ముందే తీసేస్తాను" అని తెరిచాను. ఆమె తెర దగ్గరికి వంగింది. తన బిళ్లలను వెంటనే గుర్తుపట్టింది. మెడలోని తాళిని పిడికిట్లో పట్టుకుంది. వేలితో ఆ బిళ్లల నుంచి పైకి పోతూ, గొలుసు ఆగిన చోట ఆగింది.

"పైనుండేది ఎవురు?"

"ఓబులేసని, గొర్రెల కాపరి."

"బతికుండాడా?"

"బతికినాడమ్మా. ఆపరేషను అయింది. లేచి తిరుగుతున్నాడు."

ఆమె చాలాసేపు చూసింది. నా చెయ్యి మీట మీద ఉంది. ఆమె ఆ చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది ఆమె చెయ్యి.

"ఉండు. కింద ఉండేది నేను గదా? నన్ను తీసేస్తే పైన వాడు దేని మీద నిలబడతాడు?"

"అమ్మా, ఇది బొమ్మే. తీసేసినా ఆయనకేమీ కాదు."

"నీకెట్ల తెలుసు?" అంది నా కళ్లలోకి చూస్తూ. "బాగుండాదని చెప్పింది గూడా మీరే గదా."

ఆమె తాళిని రవికె లోపల వేసుకుని, కొంగు సర్దుకుంది.

"తీయద్దు. ఉండనీ. మా ఆయనకు నేను చెప్పుకుంటా." తలుపు దగ్గర ఆగింది. "అహోబిలం పోయినప్పుడు వాని పేరు మీద గూడా టెంకాయ కొడతా. ఏం పేరంటివి?"

"ఓబులేసు."

ఆ పేరును రెండుసార్లు మెల్లగా అనుకుంటూ వెళ్లిపోయింది.

నేను ఆ బొమ్మను తీయలేదు. పేరు రాసే గడిలో ఓబులేసు అని ఒక్కటే ఉండేది. దాని పక్కన సుబ్బలక్ష్మమ్మ అని రాశాను. ఒక ఫిల్ముకు రెండు పేర్లు రాయడం నా ఉద్యోగంలో అదొక్కసారే.

రిటైరయిన రోజు తాళాలు అప్పగించే ముందు చివరిసారి తెరిచి చూశాను. స్కేలు పెట్టి పదిమందికి చూపించిన దాన్ని నేనే. అయినా అతికిన చోటు వెంటనే కనబడలేదు. బిళ్లల దగ్గర మొదలుపెట్టి, గొలుసు పట్టుకుని, పైకి వెతుక్కుంటూ పోవలసి వచ్చింది.